సినిమా ఉత్తరాలు: వడ్డనకి పిలిచారు

కిందటి నెల ఈ పేజీలో మగవాళ్ళిద్దరి ప్రేమ మీద, అందులో ఒకరు పోతే మిగిలిన మనిషి మీద వచ్చిన సినిమాల గురించి రాసా కదా, దానికి చాలా ఉత్తరాలొచ్చాయి, నాలుగింటికి ఈసారి జవాబు చెప్తున్నా. పేర్లు వెయ్యొద్దని నలుగురూ అడిగారు, వెయ్యట్లేదు. మొదటి ఉత్తరం పొడుగే గానీ ఒక్క ముక్క కూడా కొట్టెయ్యబుద్ధి కాలేదు, వచ్చింది వచ్చినట్టు వేస్తున్నా.

ప్ర: మేడమ్ గారూ నమస్తే. నాకు 54. గాజువాక దగ్గర లేత్ మిషన్ మీద పని. ఆయనా నేనూ 17 ఏళ్ళు. అందరికీ మేం ఫ్రెండ్స్ అనే తెలుసు. ఆయన పెళ్ళి చేసుకోలేదు, నేనూ చేసుకోలేదు, ఎవరైనా అడిగితే సంబంధాలు కుదర్లేదు అనేవాళ్ళం. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపలు తెచ్చుకుని మా రూంలో వండుకునేవాళ్ళం, ఆయనకి కవళ్ళంటే ప్రాణం, నాకు ముళ్ళు తీసుకోవడం రాదని ఆయనే తీసి నా కంచంలో పెట్టేవారు. కిందటేడు శ్రావణంలో గుండె నొప్పొచ్చి పోయారు. నాకు మూడో రోజు తెలిసింది. వాళ్ళ బావ ఫోన్ చేసి, పదకొండో రోజు భోజనాలు, వడ్డనకి మనుషులు తక్కువున్నారు, నువ్వు కాస్త రా అన్నాడు. వెళ్ళాను. సాంబారు బకెట్ పట్టుకుని మూడు బంతులు వడ్డించాను. ఏడుపు రాలేదు. మర్నాడు పనిలోకి వెళ్ళిపోయాను. మీ పేజీ చదివి ఆ ప్రొఫెసర్ సినిమా ఫోన్లో చూశాను, ఇంగ్లీషు సగం అర్థం కాలేదు, అందులో ఆయనకి ఫోన్ వచ్చే సీను దగ్గర ఆపేసి తెల్లారేవరకు ఏడుస్తూనే ఉన్నాను. సినిమా చూసి అంతలా ఏడవడం మామూలేనా మేడమ్? ఇంకోటి, ఆయన చత్వారం కళ్ళజోడు నా రూంలో ఉండిపోయింది. పవర్ నాకూ సరిపోయింది, ఈ ఉత్తరం అది పెట్టుకునే రాస్తున్నా. వాళ్ళమ్మ గారికి ఇచ్చెయ్యాలా, నేనుంచుకోవచ్చా?

జ: చివరి ప్రశ్నకి ముందు చెప్తానండి. కళ్ళజోడు ఎవరికీ ఇవ్వకండి. అది మీది.

ఇప్పుడు ఆ సీను. చూడనివాళ్ళకి కాస్త చెప్పాలి, క్రిస్టఫర్ ఇషర్‌వుడ్ 1964లో రాసిన నవలని టామ్ ఫోర్డ్ 2009లో 'ఎ సింగిల్ మ్యాన్' అని సినిమా తీశాడు. కథ 1962లో, లాస్ ఏంజెలెస్‌లో. జార్జ్ అనే ప్రొఫెసర్‌గా కాలిన్ ఫర్త్ చేశాడు. ఏళ్ళ తరబడి తనతో ఒకే ఇంట్లో ఉన్న జిమ్ కారు యాక్సిడెంట్‌లో పోయాడని జార్జ్‌కి ఫోనొస్తుంది, చేసింది జిమ్ వాళ్ళ చుట్టం. మరి అంత్యక్రియలు ఎప్పుడని అడిగితే, అవి ఇంట్లోవాళ్ళకి మాత్రమే అంటాడు. అంతే. జార్జ్ గొంతు పెంచడు, గొడవపడడు, మర్యాదగా మాట్లాడి ఫోన్ పెట్టేసి ఆ కుర్చీలోనే కూర్చుంటాడు, మనం ఆ మొహం చూస్తూ ఉంటాం, మొహం కదలకుండానే లోపల మనిషి కూలిపోవడం కనిపిస్తూ ఉంటుంది. ఆ తర్వాత వర్షంలో స్నేహితురాలి ఇంటికి పరిగెడతాడు, అక్కడ ఏడుపు కూడా మనకి వినపడదు, వాన చప్పుడే. ఫర్త్‌కి ఈ పాత్రకి వెనిస్‌లో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, నన్నడిగితే ఆ ఒక్క ఫోన్ కాల్‌కే ఇచ్చెయ్యొచ్చు. మీకు ఇంగ్లీషు సగం అర్థం కాలేదన్నారు, ఆ సీనుకి ఇంగ్లీషు అక్కర్లేదండి, ఆ ఫోన్ మీకు ముందే వచ్చింది కదా.

మనవాళ్ళు చావు కబురు చల్లగా చెప్పడం అంటారు చూడండి, ఇలాంటి సినిమా ఏది చూసినా నా కన్ను ముందు దాని మీదకే పోతుంది, కబురు ఎన్నో రోజుకి చేరింది, ఎవరి నోటి మీదుగా చేరింది అని. ఆంగ్ లీ 2005లో తీసిన 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్'లో అయితే మనిషి కూడా చెప్పడు. ఎన్నిస్ తను ప్రేమించిన జాక్‌కి రాసిన పోస్ట్‌కార్డు తిరిగొస్తుంది, మీద చనిపోయారు అని ముద్ర. ఇరవై ఏళ్ళ ప్రేమ, పోస్టాఫీసు ముద్రతో తెలిసింది. తర్వాత అతను జాక్ వాళ్ళ అమ్మానాన్నల ఇంటికి వెళ్తాడు, జాక్ గదిలో బట్టలు తగిలించే మూల రెండు చొక్కాలు ఒకే హ్యాంగర్‌కి కనిపిస్తాయి, పైన జాక్‌ది, దాని చేతుల్లో చేతులు దూర్చి లోపల ఎన్నిస్‌ది, ఎప్పుడో కొండ మీద పోయిందనుకున్న చొక్కా. అవి పట్టుకుని కిందకొస్తే ఆ తల్లి ఒక్క మాట అడగదు, కాగితం సంచీ తెచ్చి అందులో పెట్టిస్తుంది. ఆవిడకి ఎంత తెలుసో సినిమా చెప్పదు. చివర్లో ఎన్నిస్ తన ట్రైలర్‌లో ఆ చొక్కాలు తగిలించుకుంటాడు, ఈసారి తనది పైన, జాక్‌ది లోపల. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ మార్పు గమనించలేదు, రెండోసారి చూసినప్పుడు కనిపించి చాలాసేపు లేవలేకపోయా. అందుకే చెప్తున్నా కళ్ళజోడు మీది అని. మీ ఆయన వాళ్ళమ్మ గారికి ఎంత తెలుసో నాకు తెలీదు, మీకు ఎప్పుడైనా ఆవిడని చూడాలనిపిస్తే వెళ్ళండి, కళ్ళజోడు తిరిగివ్వడానికి కాదు, ఊరికే పలకరించడానికి. మీ ఆయన అనే రాశా, మన భాషలో ఇంతకంటే సరైన మాట నాకు దొరకలేదు.

ఇంక ఏడుపు సంగతి. మన దగ్గర దుఃఖానికి ఒక లెక్కుంది. మైల పడతాం, గడ్డం గియ్యం, గుడికి వెళ్ళం, పక్కింటివాళ్ళు కేరేజీలో అన్నం తెస్తారు, పదకొండో రోజు, మాసికం, సంవత్సరీకం, ఏడాది వరకు పండగ లేదు. వయసులో ఉన్నప్పుడు ఇదంతా చాదస్తం అనేదాన్ని, మా నాన్నగారు పోయినప్పుడు తెలిసింది ఆ పది రోజులూ మనిషిని ఎలా నిలబెడతాయో, ఎవరూ ఆఫీసుకి రమ్మనరు, ఎవరూ నవ్వమనరు, వచ్చిన ప్రతివాళ్ళూ మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకుంటారు, చెప్పి చెప్పి మనకే నమ్మకం కుదురుతుంది ఆయన లేరని. మీకు మైల లేదు. మిమ్మల్ని ఒక్కరు కూడా ఎలా జరిగింది నాయనా అని అడగలేదు. మర్నాడు లేత్ దగ్గర నిలబడ్డారు. ఏడుపు రాకపోవడం మీలో లోపం కాదండి, ఏడవడానికి మీకు చోటివ్వలేదు, రోజులివ్వలేదు, చేతికి బకెట్ ఇచ్చారు. సినిమా ఆ చోటిచ్చింది. కాబట్టి మామూలే, మామూలు కంటే కూడా అవసరం.

ఈ పది రోజుల సంగతి బాగా తెలిసిన సినిమా ఒకటి ఉంది, వీలైతే చూడండి. మరాఠీలో 'సాబర్ బోండా', రోహన్ పరశురామ్ కనవడే తీశాడు, 2025 జనవరిలో అమెరికాలో సన్‌డాన్స్ సినిమా పండగలో ప్రపంచ సినిమా విభాగంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలిచింది, ఆ సెప్టెంబర్‌లో మన రానా దగ్గుబాటి సంస్థ స్పిరిట్ మీడియా ఇక్కడ థియేటర్లకి తెచ్చింది. ముంబైలో ఉండే ఆనంద్ తండ్రి పోతే పది రోజుల మైలకి ఊరెళ్తాడు, చుట్టాలు ఒకపక్క ఏడుస్తూనే ఇంకోపక్క పెళ్ళెప్పుడురా అని తినేస్తూ ఉంటారు, అక్కడ చిన్నప్పటి స్నేహితుడు బాల్యా కనిపిస్తాడు, పొలం పని చేసుకునే మనిషి. డైరెక్టర్ తన తండ్రి పోయినప్పుడు తను పడ్డదాంట్లోంచే ఈ కథ అల్లుకున్నాడు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు, గాలి, మేకలు, మనుషుల మాటలు. ఇద్దరూ చెట్టు కింద పక్కపక్కన పడుకుని ఉంటే చాలు, మనకి కడుపు నిండినట్టు ఉంటుంది. సాబర్ బోండా అంటే మన నాగజెముడు పండు, పైనంతా సన్న ముళ్ళు, లోపల ఎర్రగా తియ్యగా ఉంటుంది, తినాలంటే ముందు ఎవరో ఒకరు ఓపిగ్గా ముళ్ళు తియ్యాలి. మీ కవళ్ళ సంగతి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

నేను ఇంత పొడుగు ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. పదేళ్ళ కిందట మా వీధిలో ఒకాయన పోతే శ్మశానం దాకా వెళ్ళాం. గేటు బయట రోడ్డుకి అవతల ఒకాయన స్కూటర్ స్టాండ్ వేసి నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. ఆయన్ని ఆ ఇంట్లో చాలాసార్లు చూశా, ఫ్రెండ్ అనే అనుకున్నాం అందరం. చేతికి రెండు హెల్మెట్లు తగిలించుకుని ఉన్నాడు. ఒకటి కాదు, రెండు. నేను చూశా, ఆయన నన్ను చూశాడు, నేను లోపలికి రండి అనలేదు. అనుంటే వచ్చేవాడేమో. ఆ రెండో హెల్మెట్ ఇన్నేళ్ళయినా నా కళ్ళముందునుంచి పోలేదు.

శ్రావణం వస్తే ఏడాది అవుతుంది. సంవత్సరీకం వాళ్ళింట్లో వాళ్ళు చేసుకుంటారు, మీది మీరు చేసుకోండి, హార్బర్‌కి వెళ్ళి ఆయనకిష్టమైన చేపలు తెచ్చి వండండి, ఆ రోజు పనికి సెలవు పెట్టండి, కారణం ఇంట్లో సంవత్సరీకం అనే చెప్పండి, అబద్ధం కాదు కదా. రాత్రిళ్ళు మరీ భరించలేనట్టుంటే 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. నాకు మళ్ళీ రాయాలనిపిస్తే రాయండి, తప్పకుండా చదువుతా.

ప్ర: అక్కా, నేను ఏయూలో పీజీ చేస్తున్నా, 22. ఈ సినిమాల్లో ఎప్పుడు చూసినా ఇద్దర్లో ఒకడు చచ్చిపోతాడెందుకు? మాలాంటోళ్ళకి అదే రాసుందా?

జ: లేదు నాన్నా. కోపంగా రాశావు, నీ కోపం న్యాయమే.

కొంత చరిత్ర ఉంది దీనికి. హాలీవుడ్‌లో 1934 నుంచి ఒక నియమావళి గట్టిగా అమలయింది, 1968 దాకా నడిచింది, దాని ప్రకారం ఇలాంటి ప్రేమ తెర మీద కనపడకూడదు. దాంతో అలా ప్రేమించేవాళ్ళు సినిమాల్లో దొంగచాటుగా, పేరు చెప్పకుండా, ఎక్కువసార్లు విలన్లుగానో చివర్లో చచ్చిపోయేవాళ్ళుగానో వచ్చేవారు, శిక్ష పడితే గానీ కథ ఒప్పుకోరు. తర్వాత ఎయిడ్స్ వచ్చింది, అప్పుడు నిజంగానే చావులు, చుట్టూ స్నేహితులు రాలిపోతుంటే తీసిన సినిమాలవి, వాటిని తప్పు పట్టలేం. మన ఓనిర్ 2005లో తీసిన 'మై బ్రదర్ నిఖిల్' ఆ కోవలోదే, గోవాలో కథ, నిఖిల్ పక్కన చివరిదాకా నిలబడేది ఒక అక్క, ఒక ప్రేమికుడు. ఆ సినిమా వచ్చేనాటికి ఈ ప్రేమని నేరం అనే 377 సెక్షన్ ఇంకా ఉంది, అది గుర్తుపెట్టుకుని చూడు.

హన్సల్ మెహతా 'అలీగఢ్' సంగతి వేరు, అక్కడ చావు కథకుడు పెట్టింది కాదు, నిజంగా జరిగింది. మరాఠీ పాఠాలు చెప్పే ప్రొఫెసర్ సిరాస్ గదిలోకి కెమెరాలతో చొరబడ్డారు, యూనివర్సిటీ సస్పెండ్ చేసింది, కోర్టు ఆయన పక్షాన స్టే ఇచ్చింది, కొద్ది రోజులకే 2010 ఏప్రిల్‌లో ఆయన శవంగా కనిపించారు. సిరాస్‌గా చేసిన మనోజ్ బాజ్‌పాయ్ ఒక్కడే గదిలో కూర్చుని గ్లాసు పట్టుకుని పాత లత పాట వింటూ కూనిరాగం తీసే సీనుంది, ఎంతసేపో ఉంటుంది, ఒంటరి మనిషి సంతోషం అంత దగ్గరగా నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ గదిలోకే చొరబడ్డారు కదా అని గుర్తొస్తే గుండె పట్టేస్తుంది.

అయితే చావుని తేలిక దారిగా వాడుకునే రచయితలూ ఉన్నారు, ఇద్దర్ని కలిపి ఉంచితే తర్వాత ఏం రాయాలో తెలీక ఒకర్ని చంపేస్తారు, అవి చూసినప్పుడు నాకూ నీలాగే మండుతుంది. వందేళ్ళ కిందటే దీన్ని కాదన్న ఇంగ్లీషు రచయిత ఒకడున్నాడు, ఈ.ఎం. ఫార్‌స్టర్. 1913లో 'మారిస్' నవల మొదలుపెట్టి, ఇద్దరూ కలిసే ఉండాలి, కథ సుఖంగానే ముగియాలి అని పట్టుబట్టి రాశాడు, అలా రాశాడు కాబట్టే అప్పటి చట్టాల మధ్య బతికుండగా అచ్చెయ్యలేకపోయాడు, ఆయన పోయాక 1971లో వచ్చింది. 1987లో సినిమా అయింది. ముందు అది చూడు. తర్వాత పైన చెప్పిన సాబర్ బోండా, అందులో పోయేది తండ్రి, ఇద్దరు కుర్రాళ్ళూ బతికే ఉంటారు. ఆ రెండూ చూశాకే మిగతావి, అప్పటిదాకా నేను చెప్పిన ఏడుపు సినిమాలన్నీ పక్కన పెట్టెయ్.

ప్ర: మేడమ్, మధురవాడలో ఇద్దరం కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాం, ఆరేళ్ళయింది. మీరు రాసిన ఫోన్ సీను చదివి మా వాడికి నిద్ర పట్టట్లేదు. అలాంటి రోజు మాకు రాకుండా ముందే ఏం చేసుకోవచ్చు?

జ: ఇది సినిమా ప్రశ్న కాదు గానీ వదిలెయ్యబుద్ధి కాలేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు పెద్దవాళ్ళిద్దరి ఇష్టం నేరం కాదంది, 2023 అక్టోబర్ 17న మాత్రం పెళ్ళి హక్కు మేం ఇవ్వలేం, అది చట్టసభల పని అంది. కాబట్టి చట్టం కళ్ళకి మీరిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు, ఉన్నంతలో కాగితాలే మీ చుట్టరికం. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టంగా చెప్పింది, జాయింట్ ఎకౌంట్ తెరవొచ్చు, ఒకర్నొకరు నామినీగా రాసుకోవచ్చు అని, బ్యాంకులో ఎవరైనా నసిగితే ఆ సంగతి చెప్పండి. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే తప్ప హక్కుదారు కాకపోవచ్చు, అందుకని ఇద్దరూ వీలునామా కూడా రాసుకోండి, స్టాంప్ పేపర్ అక్కర్లేదు, రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు గానీ చేయిస్తే గొడవలు తగ్గుతాయి, సాక్షులు మాత్రం ఇద్దరుండాలి, ఆ ఆస్తిలో వాటా వచ్చేవాళ్ళు సాక్షిగా ఉండకూడదు. ఆరోగ్య శాఖ కూడా 2024లోనే రాష్ట్రాలకి రాసింది, దగ్గర బంధువులు అందుబాటులో లేనప్పుడు కలిసున్న మనిషి శవాన్ని అడిగి తీసుకోవచ్చని. లేనప్పుడు అనే మాట దగ్గర ఆగాల్సొస్తుంది, నాకూ బాధే. అందుకే కాగితాలన్నిటికంటే ముందు ఇంకోటి, రెండు ఇళ్ళల్లోనూ ఒక్కరైనా, చెల్లెలో బాబాయో ఎవరో ఒకరికి సంగతి పూర్తిగా తెలిసుండేలా చూసుకోండి. మొదటి ఫోన్ చేసేది ఆ మనిషే అవుతారు.

ప్ర: అమ్మా, మాది సీతమ్మధార. మా అబ్బాయికి 27, బెంగళూరులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు, అమ్మా నీకు మమ్ముట్టి ఇష్టం కదా అని హాల్లో టీవీలో ఒక మలయాళం సినిమా పెట్టాడు. భార్య విడాకులడుగుతుంది, ఆయనకి మగవాళ్ళంటే ఇష్టమని కోర్టులో చెప్తుంది. మావారు సగంలో రిమోట్ తీసుకుని న్యూస్ పెట్టేశారు. వాడేమీ అనలేదు. నేను ఇప్పుడు ఆలోచిస్తుంటే వాడు ఆ సినిమా చూళ్ళేదు, నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. మూడు నెలలైంది, ఫోన్లో తిన్నావా పడుకున్నావా తప్ప ఏమీ లేదు. వాడు నాకేమైనా చెప్పాలనుకున్నాడంటారా? నేనే అడగాలా?

జ: మీకు జవాబు తెలుసమ్మా, అందుకే రాశారు. సినిమా చూడకుండా నా మొహం చూశాడు అని మీరే పట్టుకున్నారు, అంత గమనించిన తల్లికి నేను కొత్తగా చెప్పేదేముంది.

ఆ సినిమా 'కాదల్ ది కోర్', జియో బేబీ 2023లో తీశాడు. 'స్వాతికిరణం'లో మమ్ముట్టిని చూసి ఇష్టపడ్డ మీ వయసువాళ్ళ కోసమే మీ అబ్బాయి అది ఎంచుకుని ఉంటాడు, ఎన్ని సినిమాలు తిరగేసి ఉంటాడో పాపం. మీరు చూడని రెండో సగంలోనే అసలు సంగతంతా ఉంది. ఇరవై ఏళ్ళ కాపురం చేసిన ఓమన (జ్యోతిక) భర్త మీద పగతో కోర్టుకి వెళ్ళదు, తను బతకాలి, ఆయన కూడా బతకాలి అని వెళ్తుంది. మమ్ముట్టి ఆవిణ్ణే పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడుస్తాడు ఒకచోట, అంత పెద్ద హీరో. ఇంట్లో ముసలి తండ్రి ఉంటాడు, ఆయనకి ముందునుంచీ తెలుసు, తెలిసీ పెళ్ళి చేశాడు, ఆ తండ్రీ కొడుకుల మధ్య అన్నేళ్ళ మౌనం ఉంటుంది, ఒకే కప్పు కింద. ఆ మౌనం చూస్తే మీకు ఈ మూడు నెలలు గుర్తొస్తాయి.

నువ్వు అలాంటివాడివా అని మాత్రం అడక్కండి, అది పోలీసు ప్రశ్నలా ఉంటుంది, ఎంత ప్రేమగా అడిగినా. మధ్యాహ్నం మీవారు పడుకున్నాక కూర్చుని ఆ సినిమా మిగతా సగం చూసెయ్యండి. సాయంత్రం వాడు ఆఫీసునుంచి రూంకి చేరే టైముకి ఫోన్ చేసి, తిన్నావా అనడానికి ముందే, ఆ మమ్ముట్టి సినిమా మొత్తం చూశాన్రా, ఓమన నాకు నచ్చింది అనండి. అవతల కాసేపు ఏమీ వినపడకపోవచ్చు. లైన్ కట్టయిందేమో అనుకుని మీరు ఫోన్ పెట్టెయ్యకండి.